భిక్షపతి కదలకుండా పడుకున్న రోజు

గొర్రెల భిక్షపతి చెయ్యి ఊరుకోదు. నోరు అసలే ఊరుకోదు. రెండింట్లో ఒకదాన్ని బలవంతంగా ఆపితే రెండోది దాని పని కూడా మీదేసుకుంటుంది. మేళ్లచెరువు దారిలో ఉన్న ఆయన ఊరివాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. సూర్యాపేట స్కానింగ్ సెంటర్ వాళ్లకే, పాపం, ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఆయన పుట్టి పెరిగింది గొర్రెల ఇంట్లో. తండ్రికి పెద్ద మంద ఉండేది. పిల్లవాడని కర్ర ఇచ్చి మేపుకు పంపితే సాయంత్రానికి సగం మంద పక్కూరి మిరపతోటలో తేలేది. గొర్రెల తప్పేం లేదు. వీడు పక్క మందవాడితో ముచ్చట మొదలుపెట్టాడంటే వెనక ఊరు కాలిపోయినా తిరిగి చూడడు. మిరపతోటవాళ్లతో తిట్లు పడీ పడీ తండ్రికి విసుగొచ్చింది. "వీనికి గొర్లు పనికిరావు, గొర్లకు వీడు పనికిరాడు" అని తేల్చేసి, సంతలో బేరాలు కుదిర్చే మేనమామ వెంట తోలేశాడు. అక్కడ మాత్రం కుర్రాడు చేప నీళ్లలో పడ్డట్టు పడ్డాడు.

సంతలో గొర్రెల బేరం నోటితో జరగదు. నోటితో అంటే చుట్టూ ఉన్న పదిమందికీ ధర తెలిసిపోతుంది, ఒకడు ఎక్కువంటాడు, ఇంకొకడు అడ్డుపుల్ల వేస్తాడు, బేరం కాస్తా బుగ్గిపాలవుతుంది. అందుకని ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. ఇక లోపల వేళ్లే మాట్లాడతాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, గోటితో గీస్తే ఏమిటో ఆ పని చేసేవాళ్లకే తెలుసు. చివరికి ఒకరు అవతలివాడి అయిదు వేళ్లనూ కలిపి గుప్పిట్లో బిగించారంటే బేరం ఖాయం. ఆ తర్వాత తువ్వాలు తీసేదాకా వేలు కదపకూడదు. కదిపితే మాట తప్పినట్టే. మాట తప్పినవాడి గొర్రె బంగారపు బొచ్చుతో వచ్చినా సంతలో ఎవడూ ముట్టడు.

భిక్షపతి ఇటు రైతుకూ అటు కొనేవాడికీ నడుమ నిలబడి బేరం కుదిర్చేవాడు. తువ్వాలు కింద వేళ్లు లెక్కలు నొక్కుతుంటే పైన నోరు వానల గురించీ, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము గురించీ, కోదాడ బస్టాండులో చాయ్ పలచబడ్డ సంగతి గురించీ గలగలా మాట్లాడేది. ఆయన ముఖం చూసి ధర పసిగట్టడం ఎవరి తరమూ కాలేదు. సెల్‌ఫోన్లు వచ్చాక అందరూ ఫోన్లోనే బేరాలు మాట్లాడుతుంటే ఆయనకు ఒళ్లు మండిపోయేది. "గిండ్ల వేళ్లేడున్నయిరా? వట్టి నోటితోని బేరమేంది, థూ!" అని ఫోన్ పెట్టేసి బండెక్కి నేరుగా మనిషి దగ్గరికే పోయేవాడు.

కూతురు కల్పన పెళ్లిలో ఏమైందో తలుచుకుంటే ఇప్పటికీ ఊళ్లో పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. కన్యాదానమప్పుడు పంతులు మామ చేతిలో అల్లుడి చెయ్యి పెట్టించి పైన కండువా కప్పాడు. కప్పకపోయినా బాగుండేది. గుడ్డ పడగానే భిక్షపతి వేళ్లు తమ పని మొదలుపెట్టాయి. అల్లుడూ గొర్రెల ఇంటివాడే, తడుముకోకుండా తిరిగి నొక్కాడు. పంతులు మంత్రాలు చదువుతుంటే మామా అల్లుళ్లు ఏ పొట్టేలు ఎంతకు తెగ్గొట్టుకున్నారో దేవుడికే తెలియాలి. మంత్రం అయిపోయినా ఇద్దరూ చేతులు వదలకపోయేసరికి భిక్షపతి భార్య సత్తమ్మ వచ్చి కండువా లాగేసింది.

"పిల్లనిస్తున్నవా, పొట్టేలునమ్ముతున్నవా?" అని అందరి ముందే దులిపేసింది.

"అయ్యో, నేనేం జేసిన్నే?" అన్నాడు భిక్షపతి. ఆయనకు నిజంగానే తెలియదు. తన వేళ్లు ఎప్పుడు కదులుతున్నాయో ఆయనకు ఎన్నడూ తెలియదు. మనిషికి కనురెప్ప కొట్టుకున్న సంగతి తెలుస్తుందా ఏమిటి?

అలాంటి మనిషికి రెండువేల పదమూడు ఎండాకాలంలో సంతలోనే ఆపద వచ్చిపడింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక ఆసామి, ఆయనా తువ్వాలు కింద చేతులు కలిపారు. బేరం సగంలో ఉంది. ఉన్నట్టుండి భిక్షపతి కుడిచెయ్యి బిగుసుకుపోయింది. ఆసామి లాక్కోబోయాడు, రాలేదు. గింజుకున్నాడు, ఊహూ. ఇంతగా బిగించాడంటే ఇక ఈ మొండివాడు దిగేలా లేడనుకుని, "సరే తియ్యవయ్యా బాబూ, నీ మాటే కానియ్యి!" అని అరిచాడు. అప్పటికే భిక్షపతి కళ్లు తేలేసి, నోట్లో నురగతో పక్కకు ఒరిగిపోయాడు. సంతంతా చుట్టూ మూగింది. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఒకరు ఉల్లిగడ్డ పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టారు, ఊపిరాడకుండా అందరూ మీదపడి ఊపిరాడనివ్వండని అరిచారు.

కాసేపటికి కళ్లు తెరిచి భిక్షపతి అడిగిన మొదటి మాట, "బేరమేమైంది?"

"నీ మాటకే ఒప్పుకుండు బావా" అన్నాడు పక్కనే ఉన్న సైదయ్య. సత్తమ్మ తమ్ముడు, ఎక్కడికి పోయినా బావ వెంటే ఉండే మనిషి.

"గట్లనా? గిది తెలిస్తే ఎప్పుడో పడిపోదును గదరా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సత్తమ్మ నవ్వలేదు. ఆ వారంలోనే మళ్లీ రెండుసార్లు అలాగే పడ్డాడు. ప్రతిసారీ ముందు కుడిచెయ్యి బిగుసుకుంటుంది, తర్వాత మాట తొట్రుపడుతుంది, ఆ తర్వాత మనిషి లోకంలో ఉండడు. ఆమె ఇక ఎవరి మాటా వినకుండా సూర్యాపేటకు లాక్కుపోయింది.

సూర్యాపేటకు హైదరాబాద్ నుంచి ఆదివారం ఆదివారం ఒక నరాల డాక్టరు వచ్చేవాడు. ముందు తీయించిన స్కానింగ్ ఫొటోను వెలుతురుకు పెట్టి చూసి, తలలో ఎడమపక్క చిక్కుడుగింజంత గడ్డ ఉందని చెప్పాడు. అది రెండు రకాల్లో ఏదైనా కావచ్చునట. టీబీ గడ్డయితే గోలీలతో కరుగుతుంది. కంతి అయితే హైదరాబాద్ తీసుకుపోయి తల తెరవాలి. ఈ ఫొటోలో రెండూ ఒక్కలాగే కనబడతాయి.

"మరి యేదో తెలిసేదెట్ల సార్?" అని సత్తమ్మ అడిగింది.

"ఎమ్మారైలోనే స్పెక్ట్రోస్కోపీ అని ఇంకో పరీక్ష ఉందమ్మా. ఫొటో గడ్డ ఎంతుందో చెబుతుంది. ఇది గడ్డ లోపల ఏముందో చెబుతుంది. కొవ్వు ఉన్నట్టు గీత పైకి లేస్తే టీబీ కిందే లెక్క. ఇవాళే చేయించుకు రండి. సాయంత్రం నేను వెళ్లేలోగా రిపోర్టు తెస్తే చూస్తాను. అందులోనూ తేలకపోతే మాత్రం తల తెరిచి ముక్క తీసి చూడాల్సిందే."

"తెరిస్తే ఏమైతది సార్?" అన్నాడు భిక్షపతి.

డాక్టరు దాచలేదు. గడ్డ ఉన్నది కుడిచేతినీ మాటనూ నడిపించే చోటు పక్కనేనని, కత్తి పెడితే ఆ రెండూ కొంత దెబ్బతినవచ్చునని చెప్పాడు.

భిక్షపతి తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కాసేపు చూసుకున్నాడు. "సెయ్యి పోయి, మాట పోయినంక ఇగ భిక్షపతి ఏడుంటడు సార్?" అన్నాడు. చావుకు ఆయన అంత భయపడలేదు. సంతలో తువ్వాలు భుజాన వేసుకుని, నోట మాట రాక, వేలు కదలక, అందరూ పాపం అంటుంటే ఒక మూల కూర్చోవాల్సి వస్తుందని భయపడ్డాడు. ఆ భయం ఎవరికీ కనబడకూడదని బయటికొచ్చాక సైదయ్యను కారణం లేకుండా తిట్టాడు.

స్కానింగ్ సెంటర్లో ఆ మిషను నడిపేవాడి పేరు భాస్కర్. కోదాడ కుర్రాడు, మర్యాదస్తుడు, ఓపిక కూడా ఉన్నవాడే. ఆ రోజు సాయంత్రానికి ఆ ఓపిక ఎక్కడికి పోయిందో వేరే కథ.

"బాబాయ్, లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఒంటిమీద ఇనుము ఏదున్నా తీసెయ్యాలి."

భిక్షపతి కడియం తీశాడు, జేబులో కత్తి తీశాడు, సెల్‌ఫోన్ తీశాడు. మొలతాడుకున్న తాయెత్తు దగ్గర ఆగాడు. అది ఉంటే ఏం, లేకుంటే ఏం అని భాస్కర్, అది లేకుంటే ప్రాణం నిలవదని భిక్షపతి, కొంతసేపు వాదులాడుకున్నారు. చివరికి సైదయ్య దారం తెంపి తాయెత్తును తన మెడలో వేసుకుని, "నీకు బదులు నన్ను కాపాడుతది తియ్యి బావా" అన్నాడు.

బల్లమీద పడుకోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, తలకు పంజరంలాంటిది తగిలించి, లోపల చలిగా ఉంటుందని మెడ దాకా దుప్పటి కప్పారు. భాస్కర్ దుప్పటి కింద ఆయన కుడిచేతిలో మెత్తటి రబ్బరు బుగ్గ ఒకటి పెట్టాడు.

"భయమేసినా, ఊపిరాడకపోయినా ఇది నొక్కండి. నాకు గంట వినబడుతుంది, వెంటనే ఆపేస్తాను."

చూశారా చేసిన పని! గుడ్డ కప్పి, గుడ్డ కింద చేతికి మెత్తటిదొకటి అందించాడు. ముప్పయ్యేళ్లుగా ఆ చేతికి అలవాటైన పనేమిటో ఆ కుర్రాడికేం తెలుసు?

మామూలు ఫొటోలు ఎలాగో అయ్యాయి. స్పెక్ట్రోస్కోపీ మొదలైంది. మిషను టకటకా, టకటకా అని ఒకే వరసలో కొట్టుకోసాగింది. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. అవతలివాడు ఒక ధర చెప్పి జవాబు కోసం ఆగినట్టే ఉంది. భిక్షపతి వేళ్లు ఊరుకుంటాయా? నొక్కాయి. గంట మోగింది. భాస్కర్ మిషను ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది బాబాయ్? భయమేసిందా?"

"భయమెందుకు? మంచిగనే ఉన్న."

"మరి నొక్కారు?"

"నేను నొక్కలే."

మళ్లీ మొదలు. మళ్లీ టకటక, మళ్లీ గంట, మళ్లీ పరుగు. నొక్కలేదని భిక్షపతి తల్లి మీద ఒట్టేశాడు. అది అబద్ధపు ఒట్టు కాదు, ఆయనకు తెలిస్తే కదా! ఇంకోసారి గంట మోగేసరికి భాస్కర్ దుప్పటెత్తి చూశాడు. వేళ్లు బుగ్గను ఒక్కొక్కటిగా నొక్కుతూ, గోటితో గీస్తూ జోరుగా బేరమాడుతున్నాయి.

"గిదేంది, నావేనా గివి!" అని భిక్షపతి తన వేళ్లను చూసి తనే ఆశ్చర్యపోయాడు.

భాస్కర్ బుగ్గ తీసేసుకున్నాడు. ఏ అవసరమొచ్చినా కాళ్లు ఆడించమని చెప్పి వెళ్లాడు. చేతికి పనిలేకుండా పోయింది. అంతే, నోరు లేచింది. మిషను మోతలో వినేవాడు లేకపోయినా భిక్షపతి దానితోనే ముచ్చట పెట్టాడు. ఎండల సంగతి చెప్పాడు, వరంగల్ గొర్రెలకూ మన గొర్రెలకూ తేడా చెప్పాడు. దవడ ఆడితే తల ఆడుతుంది, తల ఆడితే కొలత పాడవుతుంది. భాస్కర్ మళ్లీ వచ్చి దణ్ణం పెట్టాడు.

"బాబాయ్, మీ తలలోంచి వచ్చే జవాబు చాలా సన్నగా ఉంటుంది. ఒకసారికి అర్థం కాదు. అందుకే మిషను అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగి, జవాబులన్నీ కలిపి గీత గీస్తుంది. మధ్యలో మీరు కదిలితే అంతా మొదటికొస్తుంది."

"నన్నొక్కసారి అడిగితే చెప్పనా తమ్మీ? ఇన్నిసార్లెందుకు?"

"అడిగేది మిమ్మల్ని కాదు!" అని భాస్కర్ తల పట్టుకున్నాడు.

బయట మిగిలినవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. కాలు విరిగిన ఒకాయన అయితే, ఇంతసేపట్లో తన కాలు దానంతట అదే అతుక్కుంటుందన్నాడు. మధ్యలో కరెంటు పోయింది, జనరేటర్ అందుకుని మిషను మళ్లీ సిద్ధమయ్యేసరికి ఇంకొంత పొద్దు పోయింది. భాస్కర్‌కు ఒక ఉపాయం తట్టింది. ఈయన పావుగంట ఉండలేడు సరే, అందులో నాలుగో వంతు సేపు ఉంటాడేమో. మిషను ప్రశ్న అడిగేసార్లు అందుకు తగ్గట్టు తగ్గించేశాడు. భిక్షపతి ఊపిరి బిగబట్టాడు. ఆశ్చర్యం, పరీక్ష చిటికెలో అయిపోయింది.

"గిది ముందుగాలనే జేస్తే అయిపోతుండె గదా!" అని భిక్షపతి లేచి కూర్చుని దూది పీకేశాడు. భాస్కర్ కూడా గెలిచినట్టే నవ్వాడు. ఆ నవ్వు గీతలను చూసే డాక్టరమ్మ అరుణకుమారి గదిలోకి వెళ్లేదాకానే నిలిచింది.

"ఇదేంటి భాస్కర్? కంపచెట్టు ఫొటో తెచ్చావా?" ఆమె కంప్యూటర్ తెరను అతనివైపు తిప్పింది. తెరనిండా సన్నసన్నటి ముళ్లు ఎగుడుదిగుడుగా లేచి ఉన్నాయి. "ఇందులో కొవ్వు గీత ఏది, ఉత్త రొద ఏది? అడిగేసార్లు తగ్గిస్తే పని తొందరగా అవుతుంది, నిజమే. తొందరగా ఏమీ తెలియకుండా పోతుంది."

"మేడం, ఆయన ఆగట్లేదు. నన్నేం చేయమంటారు?"

సత్తమ్మ మొగుణ్ని వెంటబెట్టుకుని తలుపు దగ్గర నిలబడి అంతా వింది. "అయితే తేలనట్టేనా మేడం? తల కొయ్యాల్సిందేనా?" అంది. ఆ మాటతో భిక్షపతికి అంతదాకా నవ్వులాటలా ఉన్నదంతా ఒక్కసారిగా నవ్వులాట కాకుండా పోయింది. తన వేళ్లను తానే కొట్టుకోవాలనిపించింది.

అరుణకుమారి మొదట తీసిన ఫొటోలను మళ్లీ పైకీ కిందికీ జరిపి చూసింది. "నువ్వు పెట్టింది తలలో ఇంత మేర గళ్లు గళ్లుగా కొలిచే పద్ధతి భాస్కర్. దానికి టైమ్ ఎక్కువ. మనకు అన్ని గళ్లూ ఎందుకు? గడ్డ ఒక్కటే, అదీ ఎక్కడుందో కళ్లముందే ఉంది. సరిగ్గా దాని మీద ఒక్క డబ్బా పెట్టు. ఆ ఒక్కచోటే అడుగు, కానీ అడగాల్సినన్నిసార్లూ అడుగు. సగంలోపు టైముకే అయిపోతుంది, గీత కూడా శుభ్రంగా వస్తుంది. కానీ ఆ కాసేపూ ఈయన రాయిలా ఉండాలి."

"కాసేపంటే ఎంతసేపు మేడం?" అన్నాడు భిక్షపతి.

"ఒక అయిదారు నిమిషాలు."

"రెండు జేసుకో మేడం."

"భిక్షపతి గారూ, ఇది బేరం కాదు."

"నీ మాట వద్దు, నా మాట వద్దు, మూడు."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. సత్తమ్మకు మాత్రం కోపం నషాళానికంటింది. మొగుణ్ని పక్కకు నెట్టి ముందుకొచ్చింది. "నేను లోపలికొస్త మేడం. ఈయన సెయ్యి నేను పట్టుకుంట. ఎట్ల కదులుతడో సూస్త."

ఆమె రావడానికి అభ్యంతరం లేదు కానీ ఇనుము ఉండకూడదన్నారు. సత్తమ్మ గాజులకు పిన్నీసులు, పుస్తెలతాడుకు పిన్నీసులు, కొంగుకు, రవికకు పిన్నీసులు. తీస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. భాస్కర్ చేతిలో గుప్పెడయ్యాయి. "అక్కా, నువ్వు నడుస్తుంటే మిషనే నీ వెనకొచ్చేది" అన్నాడు సైదయ్య. మట్టెలు కూడా ఉంచవద్దని భాస్కర్ అంటే, సబ్బునీళ్లు పోసి కిందామీదా పడి తీశారు. బంగారపు పుస్తెలకేమీ కాదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ సాయంత్రం ఇంకో గొడవ జరిగేది.

మళ్లీ బల్ల, మళ్లీ పంజరం, మళ్లీ దుప్పటి. సత్తమ్మ చెవుల్లో దూదితో పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని దుప్పటి కింద చెయ్యి పెట్టింది. మిషను టకటక మొదలుపెట్టింది. లోపల ఆ ఇరుకులో భిక్షపతి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కదలొద్దు, కదలొద్దు అని తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. అయినా ఏం లాభం? చేతిలో ఒక చెయ్యి ఉంది, పైన గుడ్డ ఉంది. చూపుడువేలు మెల్లగా లేచి సత్తమ్మ వేలును పట్టుకుని నొక్కింది.

తిరిగి ఒక నొక్కు వచ్చింది. భిక్షపతి ఉలిక్కిపడబోయి ఆగాడు. అది చేతికొచ్చినట్టు నొక్కిన నొక్కు కాదు, సంతలో నొక్కే నొక్కు. ఇంకో వేలు పట్టుకున్నాడు, పైధర చెప్పాడు. ఆమె గోటితో గీసి కిందికి దించింది. ఓరి దీనిల్లు బంగారం గానూ! ఇది ఎప్పుడు నేర్చుకుంది? ముప్పయ్యేళ్లు పక్కన ఉండి ఒక్కనాడు కూడా బయటపడలేదే! అల్లుడితో కండువా కింద ఏం జరిగిందో కూడా దీనికి అక్షరం పొల్లుపోకుండా తెలుసన్నమాట! ఇంకో మాట నొక్కుదామని వేలు లేపేలోగా సత్తమ్మ ఆయన అయిదు వేళ్లనూ కలిపి గుప్పిట్లో బిగించేసింది. బేరం ఖాయం.

ఇక వేలు కదిపితే మాట తప్పినట్టు. భిక్షపతి బతుకులో ఎన్నో అబద్ధాలాడాడు, ముసలి గొర్రెను పడుచుదని అమ్మించాడు, కుంటిదాన్ని ఎండకు సోలిందన్నాడు. బేరం ఖాయమయ్యాక మాత్రం ఎన్నడూ వేలు కదపలేదు. ఇప్పుడు కదపమంటే అవి తన మాట వినవు కూడా. వేళ్లు ఆగాయి. వేళ్లకు తోడుగా, ఎందుకో తెలియదు, నోరూ ఆగింది. ఒప్పుకున్న బేరంలో నోరు కూడా ఉందని అదే అనుకుందేమో. ముక్కు మీద దురద పుట్టింది. అంతకుముందెన్నడూ పుట్టనంత దురద. ఓర్చుకున్నాడు. మిషను అడగాల్సినన్నిసార్లూ అడిగింది. గుప్పిట విడవలేదు, ఆయన కదలలేదు.

చప్పుడు ఆగాక అద్దం అవతల భాస్కర్ రెండు చేతులూ పైకెత్తాడు. బల్ల బయటికొచ్చాక కూడా భిక్షపతి అలాగే పడి ఉన్నాడు. సత్తమ్మ దుప్పటి తీయాలి మరి, తీస్తే కదా బేరం ముగిసేది! ఆమె తీయడం మరిచిపోయి ఆయన ముఖంకేసే చూస్తూ కూర్చుంది. భాస్కరే వచ్చి లాగేశాడు.

కాసేపటికి అరుణకుమారి పిలిచింది. ఈసారి తెర మీద కంపచెట్టు లేదు. చదునైన గీత మీద ఒక్కచోట నిటారుగా ఒక శిఖరం లేచి ఉంది.

"ఇదే కొవ్వు. కంతిలో లేవాల్సిన గీత లేవలేదు. టీబీ గడ్డే అనిపిస్తోంది. మీ డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడాను, ఆయనా అదే అన్నారు. కొయ్యడాలు ఏమీ లేవు. ఏడాది పైన గోలీలు మింగాలి, ఒక్కరోజు కూడా మానకుండా."

"తలకాయల కొవ్వుందని తేల్చనీకి ఇంత మిషను ఎందుకు మేడం, మా అక్కనడిగితే పెండ్లయిన తెల్లారే చెప్తుండె" అన్నాడు సైదయ్య. భాస్కర్ పగలబడి నవ్వాడు. భిక్షపతి నవ్వలేదు. డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుని ఏడ్చేశాడు. ఏడుస్తూనే మీకు మంచి పొట్టేలు పంపిస్తానన్నాడు. ఆవిడ నాకు వద్దు, నేను మాంసం ముట్టనంటే, అయితే మేపుకోండన్నాడు.

రిపోర్టు చూపించుకుని, గోలీలు రాయించుకుని, కొత్త బస్టాండుకు వచ్చేసరికి ఆయన పాత భిక్షపతి అయిపోయాడు. చాయ్ తాగుతూ, పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా ఆపి ఆపి చెప్పాడు. కోదాడ బస్సులో కూర్చున్నాక కండక్టర్‌కు చెప్పాడు. ముందు సీటాయనను వెనక్కి తిప్పి మరీ చెప్పాడు.

"రాయి లెక్క పండుకున్ననంటే నమ్ము. వేలు గూడ కదల్లే. గా పోరడే పరేషాన్ అయిండు, బతికిండా లేడా అని. ఏమే సత్తమ్మా, నువ్వే చెప్పు, ఎట్ల పండుకున్న?"

సత్తమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతోందేమోనని భిక్షపతి వంగి చూశాడు. పొద్దున్నుంచీ కంటతడి పెట్టని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"గిదేందే? గోలీలతోనే పోతదన్నరు గదా! ఇగ ఏడుపెందుకు?"

"మెడ దాక గుడ్డ గప్పిరి" అంది సత్తమ్మ. మాట మాటకూ ఊపిరి తెగుతోంది. "తలకాయ లోపలుండె, మొకం అవుపడకపాయె. సెయ్యి సల్లబడుకుంట వచ్చె. మెల్లగ నొక్కి సూసిన, నువ్వు తిరిగి నొక్కలే. ఇంకోపాలి నొక్కిన, నొక్కలే. లోపలనే పాణం పోయిందనుకున్న. పిలుద్దమంటె ఖరాబయితదంటరు. లేద్దమంటె కదలొద్దంటిరి. సచ్చిన సెయ్యి పట్టుకొని కూసున్ననే అనుకుంట కూసున్న."

భిక్షపతికి ఆ నొక్కులు గుర్తున్నాయి. గుప్పిట బిగించాక రెండుసార్లు ఆమె చెయ్యి కదిలింది. అది తనను పరీక్షించడమనుకున్నాడు, మాట తప్పుతాడేమోనని చూస్తోందనుకున్నాడు. గట్టివాణ్నని చూపించుకోవడానికి ఇంకాస్త బిర్రుగా పడుకున్నాడు.

"నేను బేరమనుకున్ననే" అన్నాడు చిన్నగా.

"నీ బేరం మన్నువడ!" సత్తమ్మ ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. బస్సులో అందరూ తిరిగి చూశారు, ఆమె లెక్కచేయలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. "ఇగ నా ముందల ఎన్నడు గట్ల పండుకోకు. ఇంటున్నవా? నేను పిలిస్తె పలుకు. నొక్కితె నొక్కు. గంతే."

"సరే" అన్నాడు భిక్షపతి.

"సరే అనుడు గాదు, నొక్కు."

ఆయన నొక్కాడు.